ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వచ్చింది, మరి అసైన్‌మెంట్‌లో 46 ఏంటక్కా?

ఈ వారం వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నాను:

"అక్కా, మాది నల్గొండ దగ్గర పల్లె. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్, బీఫార్మసీ హైదరాబాద్‌ల చదివిన. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షల 6.5 తెచ్చుకొని సెప్టెంబర్‌ల ఇంగ్లండ్ వచ్చిన, ఎమ్మెస్సీ పబ్లిక్ హెల్త్. ఫస్ట్ అసైన్‌మెంట్ 2,000 పదాలు, చక్కెర కూల్‌డ్రింకుల మీద ఇక్కడ వేసిన ట్యాక్స్ గురించి. మూడు వారాలు కూసొని రాసిన. 46 వచ్చింది, పాస్ మార్కు 50. 'మరీ డిస్క్రిప్టివ్‌గా ఉంది, క్రిటికల్ అనాలిసిస్ లేదు' అని కామెంట్. పైనుంచి వేరే రాతలతో పోల్చి చూసే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌ల 31 శాతం వచ్చిందని, కాపీ సంగతి విచారించే అకడమిక్ ఇంటెగ్రిటీ మీటింగ్‌కి రమ్మన్నరు, వచ్చే గురువారం. నేను ఎవ్వరిదీ కాపీ కొట్టలే అక్కా, పదాలు మార్చే రాసిన. సెమినార్‌ల నోరు తెరవాలంటే భయం, మనసుల వాక్యం కూర్చుకునేలోపు వాళ్ళు వేరే టాపిక్‌కి పోతరు. రూమ్మేట్ ఏమో పైసలిస్తే రాసిపెట్టేటోళ్ళు ఉన్నరు అంటది. నాన్న 20 లక్షల లోన్ తీసిండు. నాకు ఇంగ్లీషే రాదేమో, తెలుగు మీడియంల చదవడమే తప్పేమో అనిపిస్తుంది. ఏం చెయ్యాలె?"

చెల్లీ, ముందు గురువారం మీటింగ్ సంగతి తేల్చుకుందాం, అది తలలో తిరుగుతున్నంతసేపు నేనింకేం చెప్పినా నీకు ఎక్కదు.

టర్నిటిన్ చూపించేది సిమిలారిటీ, అంటే నీ రాతలో ఎంత భాగం దాని దగ్గరున్న వేరే రాతలతో కలుస్తోందో చెప్పే లెక్క. నువ్వు కాపీ కొట్టావా లేదా అన్నది దానికి తెలీదు. సెట్టింగ్‌లో తీసెయ్యకపోతే చివర్లో పెట్టిన రిఫరెన్సుల లిస్టు కూడా ఆ లెక్కలోకి వచ్చేస్తుంది, కోట్స్‌లో పెట్టిన వాక్యాలూ వస్తాయి, అసైన్‌మెంట్ ప్రశ్నని పైన టైపు చేసి ఉంటే అదీ వస్తుంది. పరాయి దేశాల నుంచి వచ్చిన పిల్లలకి రాయడం నేర్పే పనిలో నేను పదకొండేళ్ళుగా ఉన్నాను, 31 వచ్చి ఏ తప్పూ లేని పేపర్లు చూశాను, 8 మాత్రమే వచ్చి అందులో ఒక పేరా మొత్తం ఒకే ఆర్టికల్ నుంచి ఎత్తినవీ చూశాను. అందుకే మనుషులు కూర్చుని చూస్తారు, నిన్ను పిలిచింది కూడా అందుకే, శిక్ష ముందే రాసిపెట్టుకుని కాదు.

రేపే మీ స్టూడెంట్స్ యూనియన్ ఆఫీసుకి వెళ్ళు. అక్కడ అడ్వైస్ సర్వీస్ అని ఉంటుంది, యూనివర్సిటీతో సంబంధం లేకుండా స్టూడెంట్ పక్షాన సలహా ఇచ్చేవాళ్ళు, ఫ్రీ, ఇలాంటి మీటింగులు వాళ్ళకి రోజూ ఉండేవే, చాలాచోట్ల నీతోపాటు వచ్చి కూర్చుంటారు కూడా. వెళ్ళేటప్పుడు టర్నిటిన్ రిపోర్టు, నువ్వు రాసుకున్న నోట్సు, పాత డ్రాఫ్టులు తీసుకెళ్ళు. వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో రాసుంటే వెర్షన్ హిస్టరీ ఉంటుంది, మూడు వారాల్లో నువ్వు రోజూ కాసింత కాసింత రాసినట్టు అది చూపిస్తుంది, అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఇక మీటింగ్‌లో జరిగింది జరిగినట్టు చెప్పు: ఇక్కడ సోర్సు పేరు ఇచ్చాను, ఇక్కడ ఇవ్వలేదు, పదాలు మారిస్తే సరిపోతుందనుకున్నాను, ఇప్పుడు తెలిసింది. ఏడుపొస్తే రానీ, కానీ లేనిది కల్పించి చెప్పొద్దు.

రూమ్మేట్ మాట మాత్రం చెవిన పెట్టకు. డబ్బుకి అసైన్‌మెంట్లు రాసిపెట్టడం, అలా రాసిపెడతామని ప్రకటన ఇవ్వడం 2022లో వచ్చిన చట్టంతో ఇంగ్లండ్‌లో నేరం అయింది. రాయించుకున్న స్టూడెంట్‌ని యూనివర్సిటీ వాళ్ళ రూల్స్ ప్రకారం కోర్సులోంచే తీసెయ్యచ్చు, అంటే వీసా కూడా పోయినట్టే. ఇంకోటి, ఈ రాసిపెట్టేవాళ్ళు డబ్బు తీసుకున్నాక ఊరుకోరు, మీ యూనివర్సిటీకి చెప్తాం అని బెదిరించి మళ్ళీ మళ్ళీ గుంజిన సంగతులు ఉన్నాయి. మీ నాన్న తీసిన లోన్‌లోంచి ఒక్క పౌండ్ కూడా అటు పోకూడదు.

సరే, ఇప్పుడు అసలు విషయం. "పదాలు మార్చే రాసిన" అన్నావు చూడు, నీ ఉత్తరం మొత్తంలో నేను రెండుసార్లు చదివిన మాట అది, ఎందుకంటే ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది నేనూ సరిగ్గా అదే చేశాను. మన చదువు అలాంటిది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే పది మార్కులు, సొంతంగా ఏదైనా కలిపితే కొట్టేస్తారేమోనని భయం, పరీక్ష ముందు ఇంపార్టెంట్ క్వశ్చన్లు, ఆల్ ఇన్ వన్, మోడల్ పేపర్లు. పుస్తకం మాటకి మన మాట అడ్డం పెట్టకపోవడమే మనకి మర్యాద. ఆ అలవాటుతో ఇక్కడికొచ్చి పది ఆర్టికల్స్ తెరిచి, ఒక్కోదాంట్లోంచి రెండు వాక్యాలు తీసి, "ఇంక్రీజ్" ఉన్నచోట "రైజ్" పెట్టి, "షో" ఉన్నచోట "డెమాన్‌స్ట్రేట్" పెట్టి వరసగా అతికిస్తే, అది రాసినవాళ్ళకి కష్టపడి చేసిన పనిలా కనిపిస్తుంది, చదివేవాళ్ళకి అతుకుల బొంతలా కనిపిస్తుంది. వాక్యం నడక వేరేవాళ్ళది అయితే పదాలు ఎన్ని మార్చినా ఇక్కడ దాన్ని కాపీ కిందే లెక్కేస్తారు. నా మొదటి పేపర్ మార్జిన్‌లో మా టీచర్ పెన్సిల్‌తో ఒకే ఒక్క ముక్క రాశారు, "ఇందులో నువ్వెక్కడ?" అని. ఆ ముక్క అర్థం కావడానికి నాకు ఒక టర్మ్ మొత్తం పట్టింది, నీకు అంత పట్టకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మరి ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 ఎలా వచ్చింది అంటావా, నిజాయితీగానే వచ్చింది, నీకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి. కానీ ఆ పరీక్ష అడిగేది వేరే. రైటింగ్‌లో పెద్ద టాస్క్ 250 పదాలు, 40 నిమిషాల్లో రాయాలి, ఒక్క సోర్సు కూడా చదవక్కర్లేదు, తోచింది రాస్తే చాలు. స్పీకింగ్ అంటే ఒకే ఒక్క ఎగ్జామినర్‌తో 11 నుంచి 14 నిమిషాలు, నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో దూరే క్లాస్‌మేట్స్ ఎవరూ ఉండరు. రీడింగ్‌లో గంటలో 40 ప్రశ్నలకి పాసేజ్‌లో జవాబు వెతుక్కోవాలి, రాసినాయన చెప్పింది నమ్మచ్చా లేదా అని ఎవరూ అడగరు. ఇక్కడ ఎమ్మెస్సీలో అడిగేది అచ్చంగా అదే. కాబట్టి 6.5కీ 46కీ మధ్య ఉన్నది ఇంగ్లీషు గ్రామర్ కాదు, తెలుగు మీడియం అసలే కాదు. లండన్‌లో పుట్టి పెరిగిన పిల్లలు కూడా మా సెంటర్‌కి వచ్చి "క్రిటికల్ అంటే ఏంటి" అని అడుగుతారు, నమ్ము.

ఇప్పుడొక పని చెయ్, మీ అమ్మమ్మనో నాయనమ్మనో గుర్తు తెచ్చుకో. ఊళ్ళో ఏదైనా వార్త చెప్పేటప్పుడు వాళ్ళు ఎలా చెప్తారు? "పక్కింటి లచ్చమ్మ చెప్పింది, వాళ్ళ కోడలికి షుగర్ ఉందట, మొన్న పెద్దాసుపత్రిలో చూపిస్తే తేలిందట, చెరువు అవతల ఉండే ఆర్ఎంపీ ఏమో షుగర్ కాదు నీరసం అన్నాడట, నాకైతే ఆయన మాట మీద నమ్మకం లేదు, రక్తం పరీక్ష చెయ్యకుండా ఎలా చెప్తాడు?" అని చెప్తారు. ఒక్కసారి ఈ మాటల్ని విప్పి చూడు. ఎవరు చెప్పారో ఉంది, అది రిఫరెన్సు. తను కళ్ళారా చూడలేదు కాబట్టి "అట" ఉంది. రెండు మాటలు ఒకదానికొకటి పొసగట్లేదని చెప్పింది, అది లిటరేచర్‌లో, అంటే ఆ విషయం మీద ఇదివరకు వచ్చిన పరిశోధనల్లో, ఉన్న భేదం. ఆఖరికి "నాకైతే నమ్మకం లేదు, ఎందుకంటే" అని తన తీర్పూ కారణమూ చెప్పింది. చెల్లీ, మీ టీచర్ అడిగిన క్రిటికల్ అనాలిసిస్ అంటే ఇదే! ఇంతకన్నా ఏమీ లేదు. నువ్వు పుట్టినప్పటినుంచి విన్నదే, ఇంగ్లీషులో చెయ్యమంటున్నారు అంతే.

"అట" అనే ముక్క ఇంగ్లీషులో లేదు, కానీ ఆ పని చెయ్యడానికి వాళ్ళకి వేరే మాటలున్నాయి. ఆ స్టడీ ఇలా "సజెస్ట్" చేస్తోంది అంటే ఉండొచ్చట అని. ఇలా "అపియర్స్" అంటే అలా కనిపిస్తోంది అని. "ఆర్గ్యూస్" అంటే ఆయన వాదన అది, ఒప్పుకోవాలో లేదో ఇంకా తేలలేదు అని. "డెమాన్‌స్ట్రేట్స్" అంటే మాత్రం రుజువు చేసి చూపించారు అని, అది వాడితే నువ్వు దాన్ని నమ్ముతున్నట్టే, ఊరికే "షో"కి బదులుగా వాడేది కాదు. ఈ మాటల కోసం మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు పెట్టిన అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ చూడు, ఆన్‌లైన్‌లో ఫ్రీ, వేరేవాళ్ళ మాట చెప్పేటప్పుడు, విభేదించేటప్పుడు, జాగ్రత్తగా చెప్పేటప్పుడు ఏయే వాక్యాలు వాడతారో విడివిడిగా ఉంటాయి. అవి వాడుకుంటే కాపీ కాదు, అవి మేస్త్రీ పనిముట్లు లాంటివి, ఇటుకలు నీవి ఉంటే చాలు.

నీ టాపిక్ మీదే చేసి చూపిస్తాను, ఎందుకంటే చెప్తే అర్థమయ్యేది తక్కువ, చూస్తే అర్థమయ్యేది ఎక్కువ. నువ్వు బహుశా ఇలా రాసుంటావు: యూకేలో సాఫ్ట్ డ్రింక్స్ ఇండస్ట్రీ లెవీ అనే ఈ ట్యాక్స్ 2018 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది, 100 మిల్లీలీటర్లలో 5 నుంచి 8 గ్రాముల లోపు చక్కెర ఉంటే లీటరుకి 18 పెన్నీలు, 8 గ్రాములు అంతకు మించి ఉంటే 24 పెన్నీలు వేశారు, ఊబకాయం ప్రపంచమంతా పెద్ద సమస్య, చక్కెర ఎక్కువైతే డయాబెటిస్ ముప్పు పెరుగుతుంది, కాబట్టి ఈ ట్యాక్స్ చాలా ముఖ్యమైనది. ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ చదివిన టీచర్‌కి ఒకటే అనిపిస్తుంది, "అయితే ఏంటి?" అని.

ఇప్పుడు అవే అంకెల్ని మీ అమ్మమ్మలాగా నిలదియ్యి. ట్యాక్స్ ఎవరి మీద? తాగేవాళ్ళ మీద కాదు, తయారుచేసే కంపెనీ మీద. రెండు మెట్లు ఎందుకు పెట్టారు, అందరికీ ఒకటే పెట్టొచ్చుగా? 5 గ్రాముల కిందకి దిగితే అసలు ట్యాక్సే లేదు కాబట్టి కంపెనీ తనంతట తనే చక్కెర తగ్గించుకుంటుందని. 2016 మార్చిలో ప్రకటించి రెండేళ్ళు ఎందుకు ఆగారు? ఫార్ములా మార్చుకోడానికి టైము ఇద్దామని, చాలా కంపెనీలు ట్యాక్స్ మొదలవకముందే తగ్గించేశాయి కూడా. అంటే ఈ ట్యాక్స్ పనిచేసిందా లేదా అన్నది ఎంత డబ్బు వసూలైందో చూసి చెప్పకూడదు, డ్రింకుల్లో చక్కెర ఎంత తగ్గిందో చూసి చెప్పాలి, వసూలు తక్కువైతే పథకం గెలిచినట్టు కూడా కావచ్చు. చూశావా, ఇదొక వాదన, ఇది నీది, ఏ ఆర్టికల్‌నుంచీ ఎత్తింది కాదు, ఇప్పుడు దీనికి సాక్ష్యంగా ఆర్టికల్స్‌ని పిలుచుకుంటావు. తర్వాత "కానీ" ఉండాలి: పెట్టినప్పుడు చక్కెర కలపని పళ్ళరసాలకీ పాలు ఎక్కువుండే డ్రింకులకీ మినహాయింపు ఇచ్చారు, మరి పిల్లలు వాటి వైపు వెళ్తే? డ్రింకుల్లో చక్కెర తగ్గినంతమాత్రాన ఊబకాయం తగ్గినట్టేనా, ఆ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది, అక్కడ "మే", అంటే ఉండొచ్చు అనే మాట, వాడాలి.

ఇంకో మెట్టు కూడా ఎక్కచ్చు నువ్వు. మన దగ్గర 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు గ్యాస్ ఉన్న కూల్‌డ్రింకుల మీద 28 శాతం, దానిమీద ఇంకో 12 శాతం సెస్ వేశారు, చక్కెర ఉన్న సీసాకీ లేని సీసాకీ ఒకటే రేటు. రేటు చూస్తే ఘనంగానే ఉంది, కానీ చక్కెర తగ్గించినందుకు కంపెనీకి ట్యాక్స్‌లో ఒక్క రూపాయి కలిసిరాదు. అంటే ట్యాక్స్ ఎంత అన్నదానికన్నా దేన్ని కొలిచి వేశారన్నదే ముఖ్యం అని నువ్వు రెండు దేశాలు పక్కపక్కన పెట్టి చెప్పగలవు. నల్గొండలో కిరాణాషాపు ముందు నిలబడి చల్లటి సీసా తాగిన పిల్లవి, ఫార్మసీ చదివినదానివి, నీ దగ్గర చెప్పడానికి ఏమీ లేదని ఎవరన్నారు? రీసబ్మిషన్, అంటే మళ్ళీ రాసి ఇచ్చే అవకాశం, ఇస్తే (చాలాచోట్ల ఇస్తారు, మార్కు 50 దగ్గర ఆపేస్తారు) ఈ దారిలో రాయి. ఆ 50 చూసి బాధపడకు, బీఫార్మసీలో వచ్చిన పర్సంటేజీతో పోల్చుకోకు, ఇక్కడ మాస్టర్స్‌లో మామూలుగా 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్, 80 దాటే పేపర్లు అరుదు.

రాసేముందు ప్రశ్నలో ఉన్న క్రియ ఏంటో చూడు. "డిస్క్రైబ్" అంటే ఏముందో చెప్పడం, "క్రిటికల్లీ ఎవాల్యుయేట్" అంటే ఎంతవరకు పనిచేసింది, ఎందుకు, నీ తీర్పు ఏంటి అని. ప్రశ్నలో రెండోది ఉంటే అంకెలూ చరిత్రా కలిపి పావు భాగం దాటకూడదు, ఇది నేను మా పిల్లలకి పెట్టే లెక్క, ఎక్కడో రాసున్న రూల్ కాదు.

చదవడం గురించి. ఆర్టికల్‌ని నవలలాగా మొదటి అక్షరం నుంచి చదువుతున్నావని నాకు అనుమానం, తెలియని ప్రతి మాటకీ డిక్షనరీ చూస్తూ, అలా అయితే పేపర్‌కి నాలుగు గంటలు పడుతుంది, ఆఖర్లో ఏం చెప్పాడో గుర్తుండదు. మీ పబ్లిక్ హెల్త్ పేపర్లు దాదాపు అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి, ఇంట్రడక్షన్, మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్. ముందు అబ్‌స్ట్రాక్ట్ (పైన ఉండే సారాంశం), తర్వాత ఇంట్రడక్షన్ ఆఖరి పేరా (వాళ్ళ ప్రశ్న అక్కడుంటుంది), తర్వాత డిస్కషన్ మొదటి పేరా, ఆ తర్వాత లిమిటేషన్స్ అని, అంటే తమ స్టడీలో లోపాలు వాళ్ళే చెప్పుకుని, ఉన్నచోట. ఇది ఇరవై నిమిషాల పని. నీ వాదనకి పనికొస్తుంది అనుకుంటేనే మెథడ్స్‌లోకి దిగు, ఎంతమందిని చూశారు, ఎన్నాళ్ళు చూశారు, దేనితో పోల్చారు అని.

ఆ తర్వాత చేసేదే అసలైన పని. ల్యాప్‌టాప్ మూసెయ్యి. ఫోన్ తీసి ఇంట్లో ఎవరికైనా, తమ్ముడో చెల్లో ఉంటే వాళ్ళకి, తెలుగులో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టు: "ఒరేయ్, ఇవాళ ఒకటి చదివినా, వాళ్ళు ఏం చూసిండ్రంటే..." అని. చదివినప్పుడు అర్థమైందనుకున్న చోట నోరు తడబడితే అక్కడ అర్థం కాలేదన్నమాట, మళ్ళీ తెరిచి ఆ ముక్క చూడు. తడబడకుండా చెప్పగలిగాక, పేపర్ వైపు చూడకుండా అదే మాట ఇంగ్లీషులో రాయి, ఎంత చిన్న వాక్యాలైనా పర్లేదు, ఆ తర్వాత తెరిచి అంకెలు సరిచూసుకుని పేరూ సంవత్సరమూ పెట్టు. తెలుగులోంచి వచ్చిన వాక్యం ఎవరిదీ కాపీ అవ్వదు, దానికి నడక నీదే ఉంటుంది! తెలుగులో ఆలోచించకు, ఇంగ్లీషులోనే ఆలోచించు అని కోచింగ్‌లో చెప్పుంటారు, అది మాట్లాడటానికి కొంత పనికొస్తుందేమో, కొత్త విషయం బుర్రకెక్కడానికి మాత్రం నీ భాషే నీకు దగ్గర దారి, దాన్ని పక్కన పెట్టమనే సలహా నేను ఎప్పటికీ ఇవ్వను. రిఫరెన్సులు దాచుకోడానికి జొటెరో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఇవాళే వేసుకో, చివరి రాత్రి లిస్టు టైపు చేసుకుంటూ కూర్చునే బాధ పోతుంది.

సెమినార్ సంగతి. నేనైతే ఏడు వారాలు ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాను, మా టీచర్ నేను ఏమీ చదవకుండా వస్తున్నాననుకున్నారని తర్వాత తెలిసి చాలా బాధేసింది, అందరికన్నా ఎక్కువ చదివింది నేనే. మన దగ్గర క్లాసులో నోరు మూసుకుని వినడం మర్యాద, ఇక్కడ అదే సిద్ధపడకుండా వచ్చినట్టు. నువ్వన్నట్టు వాక్యం కూర్చుకునేలోపు టాపిక్ మారిపోతుంది, నిజమే, కాబట్టి మధ్యలో దూకాలని చూడకు, మొదటి ఐదు పది నిమిషాల్లోనే మాట్లాడేసెయ్, అప్పుడు చర్చ ఇంకా నువ్వు చదివొచ్చిన దగ్గరే ఉంటుంది. ముందురోజు రాత్రి ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకో, రెండుసార్లు పైకి చదువు, వెళ్ళగానే అది అడుగు. చదివినా తప్పులేదు, ఇక్కడ కాగితం చూసి మాట్లాడితే ఎవరూ నవ్వరు. టాపిక్ దాటిపోయినా వెనక్కి తేవడానికి ఒక మాటుంది, "కెన్ ఐ గో బ్యాక్ టు..." అని మొదలుపెట్టి ఇందాక ఫలానా అమ్మాయి చెప్పినదాని దగ్గరకి వెళ్ళిపోవడమే, అందరూ ఆగి వింటారు. ఇంకా భయంగా ఉంటే టీచర్‌కి ముందే మెయిల్ పెట్టు, మాట్లాడాలని ఉంది, టైము పడుతోంది, నన్ను పేరు పెట్టి అడగండి అని. చాలామంది టీచర్లు సంతోషంగా చేస్తారు.

మెయిల్ అంటే గుర్తొచ్చింది. "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు, "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అస్సలొద్దు, వాళ్ళు పేరుతో సంతకం పెడితే "డియర్" అని ఆ పేరుతోనే పిలువు, మొదట్లో మనకి గొంతులో అడ్డం పడుతుంది, అలవాటవుతుంది. "ఐ హావ్ ఎ డౌట్" అని కూడా అనకు, మన దగ్గర అది ప్రశ్న, ఇక్కడ నీ మాట మీద నాకు నమ్మకం లేదు అన్నట్టు వినిపిస్తుంది, "ఐ హావ్ ఎ క్వశ్చన్" అను. ఆఫీస్ అవర్స్ అని తలుపు మీద రాసిపెట్టుకుంటారు చూడు, అది స్టూడెంట్స్ కోసమే ఖాళీగా పెట్టుకున్న టైము, వెళ్తే ఇబ్బంది పెట్టినట్టు కాదు. ఖాళీ చేతులతో వెళ్ళి "ఎలా రాయాలి" అని అడక్కుండా ఒక పేరా ప్రింట్ తీసుకెళ్ళి "ఇందులో నా వాదన కనిపిస్తోందా" అని అడుగు.

లెక్చర్లు అర్థం కావట్లేదని నువ్వు రాయలేదు కానీ చాలామందికి ఆ బాధ ఉంటుంది, ముఖ్యంగా నార్త్ ఇంగ్లండ్‌లో "బస్"ని "బుస్" లాగా, "కప్"ని "కుప్" లాగా అంటారు, నవంబర్ దాకా చెవి అలా తికమకపడుతూనే ఉంటుంది. స్లైడ్స్ ముందే చదివి వెళ్ళు, రికార్డింగ్ మొత్తం మళ్ళీ వినకు, వెనకబడ్డ చోట టైము రాసుకుని అక్కడ మాత్రం విను.

గ్రామర్ మీద ఎక్కువ చెప్పను. ఇంగ్లీషు "ద" (the) లాంటి మాట తెలుగులో లేదు కాబట్టి "ద" దగ్గర మనకి తప్పులొస్తూనే ఉంటాయి, నాకు ఇప్పటికీ వస్తాయి, దానివల్ల ఎవరూ ఫెయిల్ అవ్వరు. వెనక్కొచ్చిన పేపర్‌లో టీచర్ దిద్దినవి చూసి మళ్ళీ మళ్ళీ వచ్చే మూడు తప్పులు మాత్రం ఒక కాగితం మీద రాసి గోడకి అంటించు, సబ్మిట్ చేసేముందు ఆ మూడింటి కోసమే ఒకసారి చదువు. పలకడంలో మాత్రం ఒకటి పట్టుకో, మనం అన్ని అక్షరాల్నీ సమానంగా పలుకుతాం, వాళ్ళు ఒక్కో మాటలో ఒకచోట నొక్కుతారు, "అనాలిసిస్"లో "నా" మీద, "డెవలప్"లో "వె" మీద, ఆ నొక్కు సరిగ్గా పడితే యాస ఏదైనా వాళ్ళకి అందుతుంది. మీ యూనివర్సిటీలో ఇన్‌సెషనల్ ఇంగ్లీష్ క్లాసులుంటాయి, అంటే కోర్సుతోపాటే నడిచేవి, దాదాపు అన్నిచోట్లా ఫ్రీ, నువ్వు కట్టిన ఫీజులోనే ఉన్నాయి, పేరు రాయించుకో. అది ఇంగ్లీషు రానివాళ్ళ క్లాస్ అని సిగ్గుపడి వెళ్ళకుండా ఉండేవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పార్ట్‌టైమ్ జాబ్ గురించి నువ్వు ఏమీ రాయలేదు. చేస్తుంటే టర్మ్ టైములో వారానికి 20 గంటలే కదా రూలు, అది దాటకు, ఆ 20 కూడా రీసబ్మిషన్ అయ్యేదాకా తగ్గించుకోగలిగితే తగ్గించుకో. ఇంట్లో చెప్పాలా అన్నది నీ ఇష్టం, కానీ 46 వచ్చిందని ఒక్కదానివే మోస్తున్నావేమో అని నాకు దిగులుగా ఉంది. నాన్నకి ఇప్పుడు చెప్పలేకపోతే కనీసం మీ పర్సనల్ ట్యూటర్‌కి, అంటే నీ బాగోగులు చూడమని యూనివర్సిటీ పెట్టిన టీచర్‌కి చెప్పు, వాళ్ళున్నది అందుకే.

మీటింగ్ గురువారం కాబట్టి శుక్రవారం నాకు రెండు లైన్లు రాయి, ఏమన్నారో. రీసబ్మిషన్ ఇచ్చి ఉంటే ఆ ట్యాక్స్ పేరా ఒక్కటి కొత్తగా రాసి పంపు, ముందు తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టాకే రాయి సుమా, అది కూడా పంపితే వింటాను.